కాటా

నేను పుట్టినప్పుడు నన్నెవరూ తూచలేదు. మా మాదిగపల్లెలో కాటా లేదు. అది ఆసామి కళ్ళంలో ఉండేది, మిరపకాయలు తూచటానికి. "పిల్లికూనలాగా అరచేతిలో పట్టావే" అనేది మాయమ్మ.

నేను కడుపులో ఉండగా నెలలు నిండేదాకా ఆమె నాట్లకు పోయింది. పొద్దున సద్దికూడు, పొద్దుగూకేదాకా బురదలో వంగిన నడుం. "ఎక్కువ తింటే బిడ్డ లావైద్ది, కాన్పు కష్టమైద్ది" అనేవాళ్ళు ముసలోళ్ళు. మూఢనమ్మకమని చదువుకున్నోళ్ళు నవ్వుతారు. బిడ్డ అడ్డం తిరిగితే తల్లి చచ్చే చోట ఆ మాటకో లెక్క ఉంది. అయినా తినటానికుంటే గదా తగ్గించి తినటం!

1988లో మా అక్కకు పెద్దాసుపత్రిలో కాన్పయింది. బిడ్డ కిలో తొమ్మిదొందల గ్రాములు. రెండున్నర కిలోలకు తగ్గితే తక్కువ బరువని లెక్క. "మీవాళ్ళ పిల్లలింతేగా" అంది నర్సు. తన రక్తంలోనే లోపమున్నట్టు మాయమ్మ తలొంచుకుంది. ఆ వంచిన తల నన్ను నిద్రపోనీలేదు.

రక్తమేనా? 1944-45 చలికాలంలో జర్మన్ సైన్యం హాలెండు పడమటి పట్టణాలకు తిండి రానీకుండా ఆపింది. కడపటి నెలల్లో ఆ ఆకలికి చిక్కిన తల్లుల బిడ్డలు దాదాపు 300 గ్రాములు తక్కువ తూగారు. తిండి తిరిగొచ్చాక బిడ్డల బరువూ తిరిగొచ్చింది. మరి వాళ్ళదే కులం? 1990లలో పూణే దగ్గరి పల్లెల్లో గర్భిణుల్ని కాన్పుదాకా గమనించారు. తల్లుల సగటు బరువు 42 కిలోలు, బిడ్డలది ఇంచుమించు 2.7. ఆకుకూరలు, పండ్లు తరచుగా తిన్న తల్లుల బిడ్డలు కాస్త బరువుగా పుట్టారు. చేలో, ఇంట్లో చాకిరీ మరీ ఎక్కువైన తల్లుల బిడ్డలు బరువు తగ్గారు. మాయమ్మ వంగిన నడుం నాకక్కడ కనబడింది.

1961 ప్రసూతి చట్టం ఫ్యాక్టరీల్లో, గనుల్లో, తోటల్లో పనిచేసే ఆడవాళ్ళకు 12 వారాలు జీతంతో సెలవిచ్చింది. నాటు కూలికి అందులో చోటు లేదు. ఆ సెలవు 2017లో 26 వారాలైంది. కూలితల్లికి అదే ఏడు మొదలైన పథకం 5,000 రూపాయలిచ్చింది, మొదటి కాన్పుకే, అదీ వాయిదాల్లో. 6,000కు తగ్గకూడదని 2013 ఆహార భద్రతా చట్టం రాసే ఉంది.

మా అక్క ఇరవైయొకటో నాడు మిరపకోతకు పోయింది. చేనుగట్టున తుమ్మచెట్టుకు చీర ఉయ్యాల. సాయంత్రం కళ్ళంలో కాయలు తూచి కూలిచ్చారు.