అత్తయ్యగారి మాత్ర వెనక కథ

గుండెలో కవాటం మార్చినప్పటి నుంచీ మా అత్తయ్యగారు వేసుకునే వార్ఫరిన్ పుట్టుక పశువుల మేతలో ఉందంటే నమ్ముతారా?

1920లలో అమెరికా, కెనడాల్లో బూజుపట్టిన స్వీట్ క్లోవర్ మేత తిన్న పశువులు నెత్తురు ఆగక చచ్చిపోయేవి. 1933లో విస్కాన్సిన్ రైతొకాయన, గడ్డకట్టని రక్తాన్ని పాలక్యానులో పోసుకుని, మంచుతుపానులో కార్ల్ లింక్ ప్రయోగశాలకి పట్టుకెళ్ళాడు. (ఎంత గుండెకోతో!) ఆ పరిశోధనలోంచే వచ్చిన వార్ఫరిన్ 1948లో ఎలుకలమందు, 1954లో మనుషుల మందు. మరుసటేడే గుండెపోటు వచ్చిన అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కీ ఇచ్చారు.

రక్తం మరీ పలచబడితే చిన్న దెబ్బకే మెదడు చుట్టూ నెత్తురు చేరుతుంది. తలనొప్పి, మగత రోజుల తర్వాత కూడా రావచ్చు. నిరుడు అత్తయ్యగారు బాత్‌రూంలో జారితే, "ఏం కాలేదే అమ్మాయ్" అంటున్నా స్కానింగ్‌కి తీసుకెళ్ళాను. సన్నటి నెత్తుటి చార కనిపించింది. ఆపరేషన్ లేకుండానే తగ్గింది. మాత్ర మళ్ళీ మొదలైంది; ఐ.ఎన్.ఆర్. పరీక్ష తేదీలు క్యాలెండర్‌లో నేనే రాస్తున్నాను.