గ్రహాల పురిటింట వాయువెంత?

పసి నక్షత్రాల చుట్టూ తిరిగే డిస్కుల్లోనే గ్రహాలు పుడతాయి. వాటిలో వాయువు ఎంతుందో తెలుసుకున్న కథను సాధారణంగా మూడు మెట్లుగా చెబుతారు. మొదట ధూళిని తూచి నూటితో హెచ్చవేశారు, తర్వాత కార్బన్ మోనాక్సైడ్‌తో దాన్ని సరిదిద్దారు, చివరికి హెర్షెల్ టెలిస్కోపు అసలు లెక్క తేల్చింది. ఈ వరుస నాకు సమ్మతం కాదు. నడిమి మెట్టు మనల్ని పక్కదారి పట్టించింది. చివరి మెట్టు తేల్చింది అనుకున్నంత లేదు.

చిక్కంతా హైడ్రోజన్‌ది. డిస్కు బరువులో అత్యధిక భాగం దాని అణువులదే. కానీ ఆ అణువు వెలుగు చిమ్మాలంటే వందల కెల్విన్ల వేడి కావాలి. అందుకే 1990లో బెక్విత్, సార్జెంట్ బృందం స్పెయిన్‌లోని 30 మీటర్ల ఐరామ్ టెలిస్కోపుతో వృషభరాశి దిక్కున 86 నక్షత్రాలను గాలించి, 1.3 మిల్లీమీటర్ల దగ్గర ధూళి వెలుగును కొలిచింది. ఒక పాలు ధూళికి వంద పాళ్ల వాయువు అన్నది నక్షత్రాల నడుమ మేఘాల నిష్పత్తి. ఆ వంద వాళ్ల సూత్రంలో విడిగా కనబడదు, ధూళి శోషణ గుణకంలోనే కలిసిపోయి ఉంటుంది. ఊహ కొలతలా చలామణీ కావడానికి ఇదొక కారణమని నా అభిప్రాయం.

నడిమి మెట్టైన కార్బన్ మోనాక్సైడ్‌పై అసలు వివాదం 2013 నుంచి 2017 వరకు నడిచింది. ఆల్మా దుర్భిణులు తోడేలు మండలం డిస్కుల్లో కార్బన్ మోనాక్సైడ్‌ను కొలిస్తే, 2016 నాటి లెక్కలో చాలా డిస్కుల వాయువు గురుగ్రహం బరువుకన్నా తక్కువని వచ్చింది. అంటే వాయువు త్వరగా పోయిందా, లేక కార్బన్ ఒక్కటే మాయమైందా? 2017లో మియోటెల్లో బృందం ఈ రెండు దారులనూ తెరిచే ఉంచింది. నా మొగ్గు రెండోదానివైపే. డీఎం టౌ, జీజీ టౌ డిస్కుల్లో అణువుల కొరతను డ్యూట్రే బృందం 1997లోనే చూపింది. 2016లో మనారా బృందం ఆ తోడేలు మండలం నక్షత్రాలు వాయువును మింగే వేగాన్ని డిస్కు బరువుతో పోల్చింది. ధూళిని నూటితో హెచ్చవేస్తే లెక్క నక్షత్రాల వయసుకు సరిపోయింది. కార్బన్ మోనాక్సైడ్ ఇచ్చిన బరువుకు ఆ పొంతన కుదరలేదు.

కార్బన్ ఎటు పోయింది? సుమారు 20 కెల్విన్ల కింద కార్బన్ మోనాక్సైడ్ రేణువులపై గడ్డకడుతుంది. దాన్ని మోస్తూ పెద్ద రేణువులు డిస్కు మధ్య తలానికి దిగిపోతాయి. కొంత భాగం మిథనాల్, కార్బన్ డయాక్సైడ్ మంచుగా మారుతుంది. అయితే ఇదంతా లక్షల ఏళ్ల పని, ప్రతి డిస్కులోనూ ఒకే తీరున సాగదు. కాబట్టి ఒకే దిద్దుబాటు అంకె అన్నిటికీ పనికిరాదు.

ఇక చివరి మెట్టు. 2013లో బెర్గిన్ బృందం హెర్షెల్‌తో సుమారు 195 కాంతి సంవత్సరాల దూరంలోని టీడబ్ల్యూ హైడ్రే డిస్కులో, హైడ్రోజన్‌కు డ్యుటీరియం జతపడిన అణువు వెలుగును 112 మైక్రోమీటర్ల దగ్గర పట్టింది. వాయువు సూర్యుడి బరువులో కనీసం 0.05 వంతని తేల్చింది. అదే డిస్కులో కార్బన్ మోనాక్సైడ్ ఎంతో కొరవడిందని ఆ ఏడే ఫావ్ర్ బృందం చూపింది. నా వాదానికి ఇంతకన్నా బలమైన సాక్ష్యం లేదు. అయినా ఆ అణువు చల్లని వాయువులో చీకటిగానే ఉంటుంది, దాని లెక్కకు ఉష్ణోగ్రత సరిగ్గా తెలిసి తీరాలి. 2021లో కలహాన్ బృందం ఉష్ణోగ్రతను మళ్లీ లెక్కగట్టాక అంకె 0.025కు దిగింది.

ఇటీవలి ప్రయత్నాల్లో రెండిటిని మెచ్చుకుంటాను. డిస్కు సొంత గురుత్వం దాని భ్రమణాన్ని ఎంత మారుస్తుందో చూసి బరువు తేల్చడం మొదటిది. 2021లో ఎలియాస్ 2-27పై అలా చేశారు. కానీ అది బరువైన డిస్కులకే చెల్లుతుంది. రెండోది డయాజెనీలియం అయాను. కార్బన్ మోనాక్సైడ్ ఉన్నచోట అది నశిస్తుంది గనుక, దాని వెలుగే కార్బన్ లోటును చెబుతుంది. ఏజ్-ప్రో బృందం 2025లో పలు డిస్కుల వాయువును ఈ దారిలోనే లెక్కగట్టింది. అక్కడ వాయువు ఎంతగా అయనీకరణ చెందిందన్న ఊహ ఒకటి మిగిలే ఉంది. ఆ ఊహను పరీక్షించేదాకా ఆ అంకెలను ముగింపుగా తీసుకోలేం.

పరీక్షించడానికి డ్యుటీరియం అణువు వెలుగే కావాలి. కానీ దాన్ని పట్టగల కళ్లు ఇప్పుడు లేవు. హెర్షెల్‌ను చల్లబరిచే హీలియం 2013 ఏప్రిల్‌లో నిండుకుంది. విమానంలో ఎగిరే సోఫియా 2022లో ఆగింది. ఆ వెలుగు దొరికిన డిస్కులు ఇప్పటికీ మూడే: టీడబ్ల్యూ హైడ్రే, డీఎం టౌ, జీఎం ఆర్.