విద్యుద్విశ్లేషణ యంత్రములో పొర యేల చెడును?

1800లో నికల్సన్, కార్లైల్ అను నిద్దరు ఆంగ్లేయులు నీటిలో విద్యుత్తును ప్రసరింపజేసి ఉదజనిని, ఆమ్లజనిని వేరుచేసిరి. వేరైన వాయువులను మరల కలియనీయకుండుట అంతకన్న కష్టము. ఆమ్లజనిలో నూటికి నాలుగు పాళ్ల ఉదజని చేరిన చాలును, ఒక్క నిప్పురవ్వతో అంటుకొనును. మన పాఠశాలల హాఫ్‌మన్ పరికరములో రెండు గొట్టములు ఎడముగా నుండుటచే ఈ చిక్కు లేదు. నేటి ఒక తరగతి యంత్రములలోనో, నడుమ నుండునది పలుచని పాలిమర్ పొర మాత్రమే. దాని మందము మిల్లీమీటరులో సుమారు ఐదవ వంతు.

ఇట్టి పొరను 1955లో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో గ్రబ్ అను రసాయనజ్ఞుడు ఇంధన ఘటములో వాడెను. ఇంధన ఘటము విద్యుద్విశ్లేషణమునకు ఎదురు చర్య: వాయువులు కలిసి నీరగును, విద్యుత్తు పుట్టును. 1965లో జెమిని-5 వ్యోమనౌకలో నున్నవి ఇట్టి ఘటములే. వాటి పొర సల్ఫొనేటు చేసిన పాలిస్టైరీను. జెమిని యాత్రలలో మిక్కిలి దీర్ఘమైనది రెండు వారములే గనుక పని గడచినది. ఏండ్ల తరబడి నిలుచు పొర గాదది.

కారణమునకు మూలము 1894లోనే కేంబ్రిడ్జిలో కనబడినది. అయితే అది పొరలను గూర్చినది గాదు, మన చింతపండులో నుండు టార్టారిక్ ఆమ్లమును గూర్చినది! కొద్దిపాటి ఇనుప లవణము తోడైనచో ఉదజని పెరాక్సైడు ఆ ఆమ్లమును త్వరగా ఆక్సీకరించునని ఫెంటన్ ప్రకటించెను. అందు పనిచేయునది హైడ్రాక్సిల్ రాడికల్ అని 1934లో హేబర్, వైస్ వివరించిరి.

యంత్రములోను ఇదియే జరుగును. ఆమ్లజని కొంచెముగా పొరగుండ ఇంకి ఋణధ్రువము చేరును. అచ్చట పెరాక్సైడు పుట్టును. ఉక్కు గొట్టములనుండి కరగివచ్చిన ఇనుము దానిని రాడికల్‌గా మార్చును. పాలిస్టైరీనులో బెంజీను వలయము ప్రక్క కర్బనమునంటియున్న ఉదజని పరమాణువు బలహీనము. రాడికల్ దానిని లాగివేయగా గొలుసు తెగును.

కావున ఉదజనికి బదులు ఫ్లోరిన్‌గల గొలుసు కావలసివచ్చెను. 1938లో ప్లంకెట్ కనుగొనిన టెఫ్లాన్ అట్టిది. 1960 తరువాతి దశకములో డ్యూపాంట్ సంస్థలో గ్రోట్ దానివంటి గొలుసుకు సల్ఫోనిక్ ఆమ్ల సమూహములను తగిలించి నాఫియాన్ తయారుచేసెను. పొర ఆయువు ఎన్నో రెట్లు పెరిగినది.

అయినను నాఫియాన్ గొలుసుల కొసలలో కొన్ని కార్బాక్సిలిక్ సమూహములు మిగులుచుండెను. రాడికల్ అచ్చట పట్టి, అల్లిక ఊడదీసినట్లు, కర్బనములను ఒక్కొక్కటిగా ఊడ్చివేయును. కొసలకుగూడ ఫ్లోరిన్ పట్టించినచో ఈ నష్టము చాల తగ్గునని 2004లో డ్యూపాంట్ శాస్త్రజ్ఞులు చూపిరి. తగ్గినదే గాని ఆగలేదు, ప్రక్కగొలుసులమీదను దాడి జరుగును గనుక. అందుచేత యంత్రమునకు లోహ అయాన్లు తీసివేసిన నీటినే పంపుదురు. వెలికివచ్చు నీటిలో ఫ్లోరైడును కొలుచుచుందురు. ఫ్లోరైడు కనబడినదన్న, లోపల పొర అరుగుచున్నదన్నమాట.