భవనం కింది భూగర్భ జలం: నానో ఇనుము పరీక్ష

చంద్రయాత్రను మీరు రాకెట్ల చరిత్రగా చదివి ఉంటారు. ఆ రాకెట్ల భాగాలను కడిగిన ద్రవం ఏమైందన్నది పర్యావరణ చరిత్ర అడిగే ప్రశ్న.

అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం, కేప్ కెనవరల్‌లో 34వ ప్రయోగ వేదిక ఉంది. 1968లో అపోలో 7 ఇక్కడి నుంచే బయలుదేరింది. ఇంజన్ల, లోహ భాగాల జిడ్డు వదిలించడానికి అక్కడ ట్రైక్లోరోఇథిలీన్ వాడి, నేలమీద వదిలేశారు. ఈ ద్రవం క్యాన్సర్ కారకం. నీటికంటే బరువైనది, నీటిలో కొద్దిగానే కరుగుతుంది. అందువల్ల భూగర్భ జలంలో లోతుకు దిగి, దశాబ్దాల తరబడి ఆ నీటిని పాడుచేస్తూనే ఉంటుంది.

దీనికి విరుగుడు ఇనుము తుప్పులో దొరికింది. ఇనుము తుప్పు పట్టేటప్పుడు ఎలక్ట్రాన్లను వదులుతుంది. వాటి వల్ల ఈ ద్రవంలోని క్లోరిన్ విడిపోతుంది. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయానికి చెందిన రాబర్ట్ గిల్హమ్ బృందం 1991లో భూగర్భ జల ప్రవాహానికి అడ్డంగా ఇనుప రజను గోడను నిర్మించి పరీక్షించింది. అయితే గోడకు కందకం తవ్వాలి. పైన భవనం ఉంటే తవ్వడం ఎలా?

మీటరులో వంద కోట్లవ వంతు నానోమీటరు. నానో కణాల పరిమాణంలోని ఇనుమును నీటిలో కలిపి సన్నని బోరు ద్వారా లోపలికి పంపవచ్చు. లీహై విశ్వవిద్యాలయంలో వై-షియాన్ జాంగ్ బృందం 1990లలో ఈ మార్గాన్ని చూపింది.

2002లో 34వ వేదిక వద్ద ఒక భవనం కిందనే దీనిని పరీక్షించారు. నానో ఇనుమును, నీటిని వంటనూనె పొరలో ఇమిడ్చి నేలలోకి పంపారు. ట్రైక్లోరోఇథిలీన్ నూనెలో సులువుగా కరిగి ఇనుమును చేరుతుంది. 90 రోజులలో మట్టి నమూనాలు తీసిన ఆరు చోట్లలో నాలుగింట కాలుష్యం 80 శాతానికి పైగా తగ్గింది. మిగిలిన రెండు చోట్ల తగ్గుదల తక్కువే. అక్కడ మిశ్రమం అనుకున్న లోతులో నిలవక పైకి కదిలిందని గమనించారు.

ఇక్కడ మీరు గుర్తుంచుకోవలసిన అంశం ఒకటుంది. రసాయన చర్య తెలిసినంత మాత్రాన నేల శుభ్రపడదు; మందు రోగమున్న చోటికి చేరాలి. నేలపై వదలడానికి నిమిషాలు చాలాయి. వెలికితీసే మార్గం వెతకడానికి దశాబ్దాలు పట్టింది.

స్వయం పరీక్ష ప్రశ్న: భవనాలున్న చోట ఇనుప గోడ కంటే నానో ఇనుము ఎందుకు అనుకూలం? దాని పరిమితి ఏమిటి?