నాంపల్లి నుమాయిష్: ముల్కీ సరుకు నుంచి సూరత్ చీర దాకా

జనవరి వస్తోందంటే సూరత్ వీధుల్లో పతంగుల దారానికి మాంజా పట్టించే పని మొదలవుతుంది. మా అడాజన్‌లోని తెలుగు ఇళ్లల్లో మాత్రం సికింద్రాబాద్ రైలు టికెట్ల గొడవ, దాని వెనకే నుమాయిష్ గొడవ. పండక్కి ఊరెళ్లినప్పుడు నాంపల్లి ఎగ్జిబిషన్‌కు వెళ్లాలా, వద్దా? ‘‘ఇంకేముంది వదినా ఆడ? పోయినేడు ముచ్చటపడి చీర తీసుకుంటే, తీరా చూస్తే మన రింగ్‌రోడ్ మార్కెట్‌దే’’ అంటారొకరు. ‘‘ఏది ఎక్కడిదైతే ఏంది, చలిలో నాలుగు మిర్చి బజ్జీలు తిని, పిల్లల్ని రైలెక్కిస్తే చాలదా’’ అంటారు ఇంకొకరు. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు మాత్రం వాదించుకోరా! నుమాయిష్ అంటే ప్రాణం పెట్టేవాళ్లే రెండు పక్షాలుగా చీలి, మునుపటి కళ ఉందనీ పోయిందనీ ఏటా తగువుపడతారు. 2028కి అది మొదలై తొంభై ఏళ్లు. ఆ లోపు ఈ తగువును ఓసారి మొదటి నుంచీ చూడటం మంచిది.

చీర గురించి ఆ వదినగారన్న మాటను నేను తేలిగ్గా తీసుకోలేను. తపతికి అవతలి ఒడ్డున లింబాయత్, ఉధ్నా వైపు మరమగ్గాల మీద పనిచేయడానికి తెలంగాణ పద్మశాలీలు తరాలుగా వస్తూనే ఉన్నారు. ఊళ్లో చేతిమగ్గం మూలపడితే ఇక్కడికొచ్చి పవర్‌లూమ్ పట్టుకున్నారు. అలా నేసిన గుడ్డ రంగులద్దుకుని, చీరై, లారీ ఎక్కి నాంపల్లి స్టాల్లో వేలాడుతుంటే, దాన్ని బయటి సరుకు అనాలా, మనవాళ్ల సరుకు అనాలా? నుమాయిష్ పుట్టిందే ఈ ప్రశ్నతో.

అంతకు ముందు శతాబ్దాలను చకచకా దాటేద్దాం. మన ఊళ్లకు సంతలూ జాతరలూ ఎప్పటి నుంచో ఉన్నాయి గానీ, ఎవరు ఏం అమ్మారో రాసిపెట్టినవాళ్లు తక్కువ. అడాజన్‌కు ఆనుకునే ఉన్న రాందేర్ ఒకప్పటి పెద్ద రేవు. 1530లో పోర్చుగీసువాళ్లు దాన్ని దోచి తగలబెట్టాక వ్యాపారమంతా సూరత్‌కు మళ్లింది. ఇంగ్లిషువాళ్లు మచిలీపట్నంలో 1611లో, ఆ వెంటనే సూరత్‌లో కోఠీలు తెరిచారు. ఈ రెండు రేవుల మధ్య దారిలో గోల్కొండ ఉంది. ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే సూరత్ నుంచి గోల్కొండకు ఏ దారిన వెళ్లాలో వివరంగా రాశాడు. 1666లో సూరత్‌లో దిగిన థెవెనో కూడా గోల్కొండ దాకా వచ్చాడు. అంటే నా టికెట్ గొడవకు మూడున్నర శతాబ్దాల వయసుందన్నమాట. ఆ తర్వాత 1851లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో మహా ప్రదర్శన జరిగింది. తయారైన వస్తువులను ఒకచోట పేర్చి, టికెట్ పెట్టి చూపించే పద్ధతి లోకమంతటా పాకింది. హైదరాబాద్ వంతు వచ్చేసరికి 1938 అయింది.

నాకు ప్రాణమైన కథ ఇక్కడే మొదలవుతుంది.

అంతకు ముందు ఏడాదే, 1937 ఫిబ్రవరిలో, ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ రజతోత్సవాలు జరిగాయి. ఆ నెల్లోనే అమెరికా ‘టైమ్’ పత్రిక ఆయన బొమ్మను ముఖచిత్రంగా వేసి, ప్రపంచంలోకెల్లా ధనవంతుడని చాటింది. బాగే ఆమ్‌లో, అంటే పబ్లిక్ గార్డెన్స్‌లో, ఉన్న జూబ్లీ హాలు ఆ ఉత్సవాలకు వేదికైంది. అంత సంపన్నుడి రాజ్యంలో చదువుకున్న కుర్రాళ్లకు ఉద్యోగాలు లేవు. 1918లో పుట్టిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంలో ఏటా పట్టభద్రులను తయారు చేస్తోంది. వాళ్లు బయటికొచ్చి చూస్తే మంచి కొలువుల్లో ఉత్తరాది నుంచి వచ్చినవాళ్లు కూర్చుని ఉన్నారు. స్థానికులకే ఉద్యోగాలన్న ముల్కీ ఫర్మానా 1919 నుంచి కాగితం మీద ఉంది. అయినా ముల్కీ, గైర్ ముల్కీ గొడవ చల్లారలేదు.

ఉస్మానియా గ్రాడ్యుయేట్స్ అసోసియేషన్ యువకులు అర్జీలు పెట్టుకుంటూ కూర్చోలేదు. మన రాజ్యంలో అసలు ఏం తయారవుతోంది, ఎవరి చేతుల్లో ఏ విద్య ఉంది, ఎవరు ఎంత సంపాదిస్తున్నారు, ముందు అది తెలుసుకుందామన్నారు. సంస్థానమంతా తిరిగి ఆర్థిక సర్వే చేయాలి. దానికి డబ్బు కావాలి. డబ్బు కోసం ప్రదర్శన పెడదామన్నారు. నాకు వాళ్ల మీద గౌరవం పెరిగింది ఈ వరస చూసే. లెక్కలు తీయడానికి చందాలు అడగకుండా, ఏ సరుకు లెక్క తీయాలో ఆ సరుకునే జనం ముందు పెట్టి, ఆ టికెట్ డబ్బుతోనే లెక్క తీద్దామనుకున్నారు! చేతిలో ఉన్న మూలధనం రెండున్నర రూపాయలని నిర్వాహకులు ఇప్పటికీ చెప్పుకుంటారు.

ప్రధానమంత్రి సర్ అక్బర్ హైదరీ ఒప్పుకున్నారు. ‘నుమాయిష్ మస్నూఆతే ముల్కీ’ అని పేరు పెట్టారు. స్థానిక ఉత్పత్తుల ప్రదర్శన అన్నమాట. బాగే ఆమ్‌లో నిజామే ప్రారంభించారు. పది రోజులు జరిగింది. స్టాళ్లు నూరుకు మించలేదు.

ముల్కీ సరుకంటే ఆనాడు తక్కువేమీ కాదు. హైదరాబాద్ సంస్థానానికి సొంత నాణెం, సొంత రైలు ఉండేవి. సరిహద్దు దాటి వచ్చే సరుకు మీద సుంకం వసూలు చేయడానికి కరోడ్‌గిరి శాఖ ఉండేది. వరంగల్‌లో ఆజం జాహీ మిల్లు 1934లో మొదలైంది. బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ అప్పుడప్పుడే లేస్తోంది. కొత్తగూడెం వైపు సింగరేణి బొగ్గు. ఇవి పెద్దవాళ్ల యంత్రాలు. వీటి పక్కన నిర్మల్ కొయ్యబొమ్మలు, కరీంనగర్ వెండి తీగపని, ఔరంగాబాద్ హిమ్రూ గుడ్డ, గద్వాల, నారాయణపేట చీరలు. బీదర్ నుంచి బిద్రీ.

బిద్రీ పని చేస్తుండగా ఎప్పుడైనా చూశారా? జస్తానికి కొంచెం రాగి కలిపి పాత్ర పోత పోస్తారు. మొదట్లో అది బూడిద రంగులో, ఏ అందమూ లేకుండా ఉంటుంది. పనివాడు సన్న ఉలితో దాని మీద తీగలు, పూలు చెక్కుతాడు. ఆ గాడిలోకి వెండి తీగను దూర్చి, సుత్తితో చిన్న చిన్న దెబ్బలు వేసి బిగిస్తాడు. రుద్ది నునుపు చేస్తే వెండీ లోహమూ ఒకే రంగులో కలిసిపోయి, అంత పనీ ఏమైందో కనిపించదు. అప్పుడు బీదర్ కోట నుంచి తెచ్చిన మట్టిని నవసాగరంతో కలిపిన వేడి నీళ్లలో ముంచుతాడు. లోహం నల్లగా మారిపోతుంది, వెండి మాత్రం అలాగే ఉంటుంది. నల్లటి పాత్ర మీద తెల్లటి పూలు ఒక్కసారిగా బయటపడతాయి. అది కళ్లారా చూసినవాడు ఆ పాత్ర ధర దగ్గర బేరం చేయడానికి కాస్త ఆలోచిస్తాడు. వస్తువుతో పాటు చేసినవాణ్ణి చూడటం అంటే ఇదే. నుమాయిష్ కళ ఎక్కడుందని నన్నడిగితే నా జవాబు ఇక్కడుంది.

అదే 1938 చివర్లో అదే ఉస్మానియాలో ఇంకో పిడుగు పడింది. హాస్టళ్లలో వందేమాతరం పాడినందుకు వందలాది మంది విద్యార్థులను బయటికి పంపేశారు. పి.వి.నరసింహారావుతో సహా చాలామంది నాగ్‌పూర్ వెళ్లి చదువుకోవాల్సి వచ్చింది. ఒకే ఏడాది, ఒకే విద్యాలయం: ఒక గుంపు నిజాం చేత ప్రదర్శన ప్రారంభింపజేసింది, ఇంకో గుంపు నిజాంను ధిక్కరించింది. రెండు గుంపులకూ కావలసింది తమ నేల మీద తమకింత చోటు.

జనం పెరిగేసరికి బాగే ఆమ్ ఇరుకైంది. 1946లో ప్రదర్శన ఇప్పుడున్న నాంపల్లి మైదానానికి మారింది. 1947, 1948లలో జరగలేదు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది, హైదరాబాద్‌కు రాలేదు. పల్లెల్లో సాయుధ పోరాటం, రజాకార్ల దాడులు, చివరికి 1948 సెప్టెంబర్‌లో పోలీసు చర్య. 1949లో గవర్నర్ జనరల్ రాజగోపాలాచారి వచ్చి తిరిగి ప్రారంభించేసరికి పేరు అఖిల భారత పారిశ్రామిక ప్రదర్శన అయింది. ముల్కీ పోయింది, కాశ్మీర్ శాలువా వచ్చింది. లక్నో చికన్ పనికీ, ఖుర్జా పింగాణీకీ చోటు దొరికింది. ‘‘బయటి సరుకు వచ్చి పాత నుమాయిష్ చెడింది’’ అనేవాళ్లు ఈ సంగతి గుర్తు పెట్టుకోవాలి. వాళ్లు బెంగపడే పాత నుమాయిష్‌లోనూ బయటి సరుకే ఉంది. చిన్నప్పుడు మనల్ని మురిపించిన కాశ్మీరీ దుకాణాలు ఎక్కడి నుంచి వచ్చాయి మరి?

ఆ తర్వాత కథ ఒక దారిన నడవదు. జనవరి ఒకటిన మొదలై ఫిబ్రవరి మధ్య దాకా నెలన్నర సాగడం ఆనవాయితీ అయింది. పది రోజుల పట్టభద్రుల ముచ్చట రెండు వేలకు పైగా స్టాళ్ల పట్నమైంది. జెయింట్ వీల్, మౌత్ కా కువాలో గోడల మీద తిరిగే మోటార్ సైకిళ్లు, మైదానమంతా చుట్టే పిల్లల రైలు, తప్పిపోయిన పిల్లల కోసం మైకులో పిలుపులు, పళ్లెమంత అప్పడాలు, జైళ్ల శాఖ స్టాల్లో ఖైదీలు చేసిన సామాన్లు, ఆడవాళ్లకు మాత్రమే కేటాయించిన ఒక రోజు. టికెట్ డబ్బు కూడా మొదటి ఉద్దేశాన్ని పూర్తిగా వదల్లేదు. ఎగ్జిబిషన్ సొసైటీ ఆ ఆదాయంతో విద్యాసంస్థలు నడుపుతోంది. సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయం, కమలా నెహ్రూ పాలిటెక్నిక్ ఆ మైదానంలోనే ఉన్నాయి. మనం జెయింట్ వీల్ ఎక్కితే ఒక ఆడపిల్ల చదువుకుంటుంది. కళ పోయిందనేవాళ్ల లెక్కలో ఇది ఎందుకు రాదో నాకు అర్థం కాదు.

నగరం కూడా ఊరుకోలేదు. 1992లో శిల్పారామం, 1996లో రామోజీ ఫిల్మ్ సిటీ, 2016లో రావిర్యాల దగ్గర వండర్లా. జనవరి చలికోసం ఆగకుండా ఏడాది పొడవునా తిరిగే రాట్నాలు వచ్చేశాయి. బట్టలకు మాల్స్, మిగతావాటికి ఫోన్. 2019 జనవరి 30 రాత్రి మంటలు లేచి వందల స్టాళ్లు బూడిదయ్యాయి. దూరం నుంచి సరుకు తెచ్చుకున్న వర్తకులు ఒక్క రాత్రిలో సర్వం పోగొట్టుకున్నారు. ప్రాణనష్టం లేదు. అదే పెద్ద ఊరట. 2021లో కరోనా వల్ల అసలు పెట్టలేదు. 2022లో జనవరి ఒకటిన తెరిచి వెంటనే ఆపి, మళ్లీ ఫిబ్రవరి 25న తెరిచారు. ఆ ఏడాదే సూరత్ కుటుంబాలు సెలవులకు పిల్లలను తీసుకెళ్లే ముంబయి ఎస్సెల్‌వరల్డ్ తలుపులు మూసింది. 1989 నుంచి నడిచిన పార్కది. కళ ఉందా లేదా అని వాదించుకోవడానికి అక్కడ ఇప్పుడు వస్తువే లేదు. నుమాయిష్ అగ్నిని, మహమ్మారిని దాటి నిలబడింది. 2025లో యాభై రూపాయల టికెట్‌కే లోపలికి వెళ్లనిచ్చింది. పెద్ద పార్కుల్లో ఆ డబ్బుకు మంచినీళ్లూ బిస్కెట్లూ వస్తాయేమో. కూలి చేసుకునే ఇంటివాళ్లూ కారులో దిగినవాళ్లూ ఒకే సందులో భుజాలు రాసుకుని నడిచే చోటు హైదరాబాద్‌లో ఇంకెన్ని మిగిలాయి?

అయినా ఆ వదినగారి మాటలో నిజముంది, దాన్ని దాటేయకూడదు. స్టాలు స్టాలుకూ అదే ప్లాస్టిక్ సామాను, అవే ప్యాకెట్లు, అవే చీరలు కనిపిస్తే కాళ్లు త్వరగా నొప్పెడతాయి. బయటి నుంచి రావడం ఆ సరుకు తప్పు కాదు. అది ఎవరు చేశారో, ఎలా చేశారో తెలియకపోవడమే లోటు. తన చెట్టు పళ్ల గురించి చెబుతూ చేతిలో నాలుగు వాల్‌నట్లు పగలగొట్టి పెట్టే కాశ్మీరీ దుకాణదారు దగ్గర ఇప్పటికీ జనం గుమిగూడుతారు. ఆ పక్క స్టాల్లో మీటర్ల కొద్దీ గుడ్డ ఉన్నా ఎవరూ ఆగరు.

అందుకని తొంభయ్యో ఏటికి నేను కోరేది రంగుల దీపాలు, కొత్త రాట్నాలు కాదు. ఒక వరస స్టాళ్లు ముల్కీ వరసగా కేటాయించండి, అద్దె తీసుకోకండి. బీదర్ ఇప్పుడు కర్ణాటకలో ఉంది, ఔరంగాబాద్ మహారాష్ట్రలో ఉంది. అక్కడి నుంచీ పిలవండి, పాత సంస్థానం హద్దులు చూడండి చాలు. గద్వాల మగ్గం గుంట తవ్వించండి, బిద్రీ పనివాడి ముందు వేడి నీళ్ల గిన్నె పెట్టించండి. సూరత్ నుంచి మా పద్మశాలీ మరమగ్గం పనివాణ్ణి కూడా పిలవండి. తన చేతి మీదుగా వెళ్లిన చీర పక్కన అతను నిలబడి, కొనేవాళ్లు అడిగినదానికి తెలుగులో జవాబు చెబుతాడు. అడాజన్ నుంచి అతని వెంట వచ్చేవాళ్లలో నేనుంటాను, వదినగారిని ఒప్పించే పూచీ కూడా నాదే.