ఫ్యాటీ లివర్: రక్తం నుంచి పేగుల దాకా

కాలేయంలో కొవ్వు పేరుకుందంటే అది తాగుడు తెచ్చిన చేటేనని వైద్యులు చాలాకాలం అనుకున్నారు. 1980లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో యుర్గెన్ లుడ్విగ్ బృందం 20 మంది రోగుల కాలేయపు ముక్కలను సూక్ష్మదర్శిని కింద పరిశీలించింది. అచ్చం తాగుబోతుల కాలేయాల్లాగే ఉన్నాయి. కానీ వీళ్ళకు ఆ అలవాటు లేదు, ఎక్కువమంది స్థూలకాయులు. ఆ జబ్బుకు లుడ్విగ్ ‘నాష్’ అని పేరు పెట్టారు. 2023లో దాన్ని ‘మాష్’గా మార్చారు.

1980 నాటికే రక్తపరీక్షలు వాడుకలో ఉన్నాయి. గుండెపోటు వచ్చినవారి రక్తంలో ఎస్‌జీఓటీ అనే ఎంజైము పెరుగుతుందని 1954లో న్యూయార్క్‌లో లడ్యూ, వ్రోబ్లెవ్‌స్కీ, కార్మెన్ గమనించారు. కొద్దికాలానికే అదీ, దాని జోడీ ఎస్‌జీపీటీ కాలేయ పరీక్షలుగా స్థిరపడ్డాయి. కణం చితికితే ఈ ఎంజైములు రక్తంలోకి చేరతాయి. దెబ్బ తగిలిందని చెబుతాయి గానీ కొట్టిందెవరో చెప్పవు. పైగా ఫ్యాటీ లివర్ ఉన్నా చాలామందిలో ఇవి నార్మల్‌గానే ఉంటాయి.

కొట్టినవాళ్ళ జాడ ఒక ఆపరేషన్ వికటించినప్పుడు దొరికింది. 1960, 70లలో బరువు తగ్గించడానికి చిన్నపేగులో చాలాభాగాన్ని ఆహారం దారి నుంచి తప్పించేవారు. బరువైతే తగ్గేది, కొందరికి మాత్రం కాలేయం చెడి ప్రాణం మీదికొచ్చేది. తిండి చేరని ఆ పేగులో బ్యాక్టీరియా విపరీతంగా పెరిగేది. బ్యాక్టీరియాను చంపే మెట్రోనిడజోల్ మందు వాడితే కాలేయంలో కొవ్వు తగ్గిందని 1982లో డ్రెనిక్ బృందం చూపింది. పేగుకూ కాలేయానికీ ఉన్న ఈ లంకెకు శరీర నిర్మాణంలోనే ఆధారం ఉంది: కాలేయానికి అందే రక్తంలో సుమారు ముప్పాతిక భాగం పేగుల వైపు నుంచి పోర్టల్ సిర ద్వారా వచ్చేదే.

ఆ తర్వాత ఎలుకల వంతు. సూక్ష్మజీవులు లేకుండా పెంచిన ఎలుకలకు మామూలు ఎలుకల పేగు బ్యాక్టీరియాను ఎక్కిస్తే, తిండి తగ్గినా ఒంట్లో కొవ్వు పెరిగిందని 2004లో జెఫ్రీ గోర్డన్ బృందం తేల్చింది. కొవ్వు తిండి పెడితే బ్యాక్టీరియా పొరలోని విషపదార్థం రక్తంలో పెరుగుతుందని 2007లో ఫ్రాన్స్‌లో కానీ, బుర్సెలిన్ అనే శాస్త్రవేత్తలు చూపారు. దాన్నే నేరుగా ఎక్కించినా కాలేయంలో కొవ్వు చేరింది. 2019లో చైనా పరిశోధకులు మరీ విచిత్రమైన ఫ్యాటీ లివర్ రోగి గురించి వెల్లడించారు. చుక్క మద్యం ముట్టకపోయినా పిండిపదార్థాలు తింటే మత్తెక్కేది. అతని పేగులో క్లెబ్సియెల్లా బ్యాక్టీరియా ఆల్కహాల్ తయారుచేస్తోంది. వాళ్ళు పరీక్షించిన ఫ్యాటీ లివర్ రోగుల్లో 60 శాతం మందిలో అలాంటి రకాలే కనిపించాయి.

అయినా పేగు బ్యాక్టీరియా పరీక్ష ఇంకా డాక్టరు చీటీకి ఎక్కలేదు. తిండిని బట్టి, ఊరిని బట్టి, వాడే మందులను బట్టి ఆ జీవులు మారిపోతాయి. ఆసుపత్రిలో ఇవాళ్టికీ పాత అంకెలతో కట్టే ‘ఫిబ్-4’ లెక్కే ఆధారం. వయసును ఎస్‌జీఓటీతో గుణించి, వేలల్లో ప్లేట్‌లెట్ల సంఖ్యను ఎస్‌జీపీటీ వర్గమూలంతో గుణించగా వచ్చినదానితో భాగించాలి. వయసు 50, ఎస్‌జీఓటీ 40, ఎస్‌జీపీటీ 64, ప్లేట్‌లెట్లు 2 లక్షలు ఉంటే 1.25 వస్తుంది. 1.3 లోపు కాబట్టి కాలేయం బాగా గట్టిపడి ఉండే అవకాశం తక్కువ. ప్లేట్‌లెట్లు లక్షకు పడితే అదే లెక్క 2.5 అవుతుంది, అప్పుడు స్కానింగ్ తప్పదు.

హైదరాబాద్‌లో 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షిస్తే 84 శాతం మందికి ఫ్యాటీ లివర్ ఉన్నట్టు 2025లో ఒక అధ్యయనం వెల్లడించింది. ఇంతమందిలో ఎవరికి ప్రమాదమో ముందు తేల్చగలిగేది ఈ చౌక రక్తపరీక్షే. ప్రమాదం ఎక్కడ మొదలైందో వెతకాలంటే మాత్రం పేగుల్లోకి వెళ్ళాల్సిందే.