మల్కాపుర స్తంభము – చందుపట్ల శిల



తుళ్ళూరు ప్రాంతమునకు రాకపోకలు సాగించువారందరికీ వెలగపూడి సచివాలయము తెలుసును. దానికి చేరువనే, మల్కాపురమున, శిరస్సుపై నందీశ్వరుని ధరించిన చతుర్ముఖ శిలాస్తంభము ఒకటి నిలిచి ఉన్నదని ఎరిగినవారు మాత్రము స్వల్పము. ఎరిగినవారిలోనూ పలువురు నందికి నమస్కరించి సాగిపోవుదురే గాని, ఆ నంది క్రింద ఏమి వ్రాసి ఉన్నదని విచారింపరు. ఆ అక్షరములు శక సంవత్సరము 1183, దుర్మతి నామ సంవత్సరమునాటివి, అనగా క్రీ.శ. 1261. అధికభాగము సంస్కృత శ్లోకములు. జయంతి రామయ్య పంతులుగారు దానిని పరిష్కరించి లోకమునకు అందించిరి.

దాత రాణీ రుద్రమదేవి. ప్రతిగ్రహీత విశ్వేశ్వర శంభువు. ఈయన గౌడదేశములోని పూర్వగ్రామమున జన్మించినవారు. డాహల మండలములోని గోళకీ మఠ పరంపరకు చెందిన శైవాచార్యులు. కాకతీయ గణపతిదేవునకు దీక్షాగురువులు. గణపతిదేవుడు గురువునకు మందర గ్రామమును ఇచ్చెదనని వాగ్దానము చేసెను. అదే నేటి మందడము. తండ్రి మాటను కుమార్తె నెరవేర్చినది. కృష్ణవేణీ దక్షిణ తీరమున ఉన్న ఆ గ్రామమును, దానితోపాటు వెలగపూడిని, ధారాపూర్వకముగా సమర్పించినది. రాజ్యభారము భుజములపై పడిన తొలి వత్సరములలో ఆమె చేసిన దానమిది.

ఇంతవరకు చెప్పినది చరిత్ర పుస్తకములలో సులభముగానే దొరకును. నన్ను ఆపి నిలబెట్టునది తరువాతి భాగము. పుచ్చుకొన్న గ్రామముతో ఆ ఆచార్యులు ఏమి చేసిరి? విశ్వేశ్వర ఆలయమును ప్రతిష్ఠించిరి, మఠము కట్టించిరి, అగ్రహారమును నెలకొల్పిరి. అవి ఎవరైనను చేయదగినవే. కాని అదే శాసనములో ప్రసూతిశాల కలదు, ఆరోగ్యశాల కలదు. ఋక్, యజుస్, సామవేదములను బోధించుటకు మువ్వురు అధ్యాపకులు. పద, వాక్య, ప్రమాణ, సాహిత్య, ఆగమములను వ్యాఖ్యానించుటకు ఐదుగురు పండితులు. ఒక వైద్యుడు. లెక్కలు వ్రాయుటకు ఒక కాయస్థుడు. అన్నసత్రము విషయములో శాసనకర్త మరింత స్పష్టముగా మాట్లాడెను: విప్రుడు మొదలు చండాలుని వరకు ఎవరు వచ్చినను, ఏ వేళ వచ్చినను అన్నము పెట్టవలెను.

పదము అనగా వ్యాకరణము, వాక్యము అనగా మీమాంస, ప్రమాణము అనగా తర్కము. బాల్యమున పాఠశాలలో ఈ మూడింటి పేర్లు కలిపి వల్లించినవాడను గనుక ఆ పంక్తి నాకు ఇంటి మాటవలె వినబడును. ఆ క్రమము ఏడు శతాబ్దములకు పూర్వము ఒక పల్లెలో జీతభత్యములతో సహా ఏర్పాటై ఉండెను. అది ప్రసవవేదనతో వచ్చిన స్త్రీకి ఆశ్రయమిచ్చు శాలతో, ఆకలితో వచ్చినవానికి విస్తరి వేయు సత్రముతో ఒకే దానపత్రములో, ఒకే సంకల్పముతో చేరి ఉండెను. అర్చన వేరు, లోకసేవ వేరు అని నేడు మనలో కొందరు వాదింతురు. దేవాలయ ద్రవ్యముతో వైద్యశాల ఏమిటని ప్రశ్నింతురు. ఇష్టము, పూర్తము అని శాస్త్రము రెండింటినీ జంటగానే చెప్పినది గదా! యజ్ఞాదులు ఇష్టము, వాపీ కూప తటాకములు, అన్నదానము పూర్తము. ఆ వాదమునకు మల్కాపురపు రాయి చాలినంత సమాధానము. (ట్యూబులైటు మీద వెలుగుకంటె పెద్దవిగా దాత పేరు వ్రాయించుకొను మనము ఆ స్తంభము ముందు కొంచెము సేపు నిలబడుట మంచిది.)

రుద్రమదేవి పాలనకు ఈ స్తంభము ఉదయకాలపు సాక్షి. అస్తమయ సాక్షి చాల దూరమున, నల్లగొండ మండలము నకిరేకల్ సమీపమున చందుపట్లలో ఉన్నది. అది చిన్న శాసనము. దానిలో ప్రశస్తులు లేవు. శక సంవత్సరము 1211, విరోధి నామ సంవత్సరము, మార్గశిర మాసము. అనగా 1289. వేయించినవాడు రాజు కాడు, మంత్రి కాడు. సేనాని మల్లికార్జున నాయకుని భృత్యుడైన పువ్వుల ముమ్మడి. రుద్రమదేవికిని, తన యజమానికిని శివలోకప్రాప్తి కలుగుటకై చందుపట్ల సోమనాథదేవునకు అతడు భూమి ఇచ్చెను. అంతే.

ఆ శిలను చదువువరకు రుద్రమ 1295 ప్రాంతము దాక పాలించెనని చరిత్రకారులు తలచుచుండిరి. పి.వి. పరబ్రహ్మశాస్త్రిగారు దానిని వెలుగులోనికి తెచ్చిన పిమ్మట ఆ లెక్క మారినది. రాణియు, సేనానియు ఒకే శిలలో శివలోకగతులుగా కనబడుటను బట్టియు, కాయస్థ అంబదేవుడు 1290లో త్రిపురాంతకమున వేయించిన శాసనములో మల్లికార్జునుని జయించితినని చెప్పుకొనుటను బట్టియు, ఇరువురును అంబదేవునితో జరిగిన యుద్ధమున మరణించి ఉందురని పండితులు ఊహించిరి. శిల మాత్రము యుద్ధమును పేర్కొనలేదు, శత్రువును నిందింపలేదు. పోయినవారికి సద్గతిని కోరినది.

ఓరుగల్లు సింహాసనమునకు చెందిన మహారాణి ఎప్పుడు దేహము చాలించినదో మనకు తెలిపినది ఆస్థానకవి కాదు; పరలోకగతుల పుణ్యమునకై తన చేతనైనంత నేలను ధారపోసిన ఒక సేవకుడు. శ్రాద్ధమున తిలోదకములు విడుచువారికి ఇతని మనస్సు వేరుగా వివరింపనక్కరలేదు.

ఒక ప్రార్థన. శాసనశిలలను దైవములుగా భావించి పసుపు పూయుట, సున్నము కొట్టుట, నూనె పోయుట మన పల్లెలలో పరిపాటి. భక్తిని తప్పుపట్టను. కాని సున్నము అక్షరముల గాళ్ళలో గడ్డకట్టును. నూనె ధూళిని పట్టి ఉంచును. కొన్నేండ్లకు చదువుటకు ఏమియు మిగలదు. ఇక రోడ్డు వెడల్పు చేయునప్పుడు పెకలించి గట్టుమీద పడవేసిన రాళ్ళ సంగతి సరేసరి. మీ ఊరి గుడి ముందు, చెరువు కట్టపై, బాట ప్రక్కన అక్షరములున్న శిల కనబడినచో రంగు వేయనీయకుడు, బట్టలు ఉతుకనీయకుడు. ఛాయాచిత్రము తీసి పురావస్తు శాఖవారికి పంపుడు. పూజ చేయదలచినచో ఒక పుష్పము, అదియు పాదభాగమున.